అమ్మ మాట 'చీజీ' అయిందా?

మొయినాబాద్ బస్టాపులో కిందటి నెల జరిగిన చిన్న సంగతి ఇది. చిన్నదే కానీ మనసులోంచి పోవడం లేదు. అందుకే ఈ వారం మీతో చెప్పుకోవాలనిపించింది.

చేవెళ్ల వైపు పోయే బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కనే నలభై అయిదేళ్ల ఆవిడ. చేతిలో గుడ్డ సంచి, కాళ్లకు రబ్బరు చెప్పులు. కాసేపటికి ముగ్గురు ఆడపిల్లలు నవ్వుకుంటూ వచ్చారు. మెడల్లో కాలేజీ కార్డులు. అందులో ఒక పిల్ల ఈవిడ కూతురు.

ఆవిడ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి బిడ్డ చేతిలో పెట్టింది. "బర్రె ఈనింది బిడ్డా. పొద్దుగాల లేచి జున్ను వండిన. నువ్వు లేకుంట నోట్ల పెట్టబుద్ధి కాలే. నా బంగారు తల్లివి, నువ్వు లేక ఇల్లంత బోసిగున్నది" అంటూ గడ్డం పట్టుకుంది.

పిల్ల ముఖం కందిపోయింది. స్నేహితురాళ్ల వైపు ఒకసారి చూసి, "అబ్బా, చాలమ్మా! మరీ చీజీగ మాట్లాడకు" అంది. వాళ్లు కిసుక్కున నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, అర్థం కాకపోయినా.

బస్సు వచ్చింది. ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. కండక్టరు ఇచ్చిన జీరో టికెట్టు మడిచి కొంగున ముడేసుకుంటూ, "ఈ ఫ్రీ బస్సు వచ్చినంక వారానికోసారి అచ్చి సూసిపోతున్నమ్మా. అంతకు ముందు నెలకోపారి గూడ వీలు కాకపోయేది" అంది. కాసేపు ఊరుకుని మెల్లగా అడిగింది.

"సదువుకున్నోళ్లలెక్క ఉన్నరు. మా పిల్ల ఏమో చీజీ అన్నది గదా, గదేంది?"

నాకు చప్పున జవాబు తోచలేదు. "చీజ్ అంటే... ఇంగ్లీషువాళ్ల జున్నులాంటిదమ్మా" అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది. "గట్లనా! జున్నే గదా నేను తెచ్చింది. మంచిగనే అన్నది మరి!"

అంతకన్నా వివరం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కిటికీలోంచి బీజాపూర్ రోడ్డు పక్కనున్న పాత మర్రిచెట్లను చూస్తూ కూర్చున్నాను. మీరైతే ఏం చెప్పేవారు?

ఇంట్లో కాలేజీ పిల్లలున్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు. పిజ్జా ప్రకటనలో 'చీజీ' అంటే జున్ను ధారగా కారేది, నోరూరించేది. మనిషి మాటను 'చీజీ' అంటే మాత్రం అర్థం వేరు. మరీ కారిపోయే ప్రేమ, చవకబారు మాట, అరిగిపోయిన డైలాగు, వింటే ఎదుటివాళ్లకు ఇబ్బంది కలిగించేది అని. నాన్న పుట్టినరోజుకు నాలుగు వాక్యాలు రాస్తే చీజీ. పెళ్లిరోజున భార్యకు మల్లెపూలు తెస్తే చీజీ. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే మరీ చీజీ.

ఇంత చిన్న మాటకు ఎంత పెద్ద చరిత్ర ఉందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. తినే చీజ్ అనే మాట లాటిన్ 'కేసియస్' నుంచి పుట్టింది. కానీ ఇంగ్లీషు వాడుకలో ఇంకో చీజ్ ఉంది. అది తినేది కాదు. పర్షియన్ నుంచి ఉర్దూలోకి వచ్చిన 'చీజ్', అంటే వస్తువు. మన దేశంలో కొలువు చేసిన ఇంగ్లీషువాళ్లు ఇక్కడివాళ్లు 'అసలైన చీజ్' అనడం విని దాన్ని పట్టుకుపోయారట. 1818 నాటికే అక్కడ 'చీజ్' అంటే సరైనది, మేలైనది అనే అర్థం వాడుకలో కనబడుతుంది. హెన్రీ యూల్, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన బర్నెల్ కలిసి తయారుచేసిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు 1886లో అచ్చయింది. ఇంగ్లీషులోకి చేరిన మన దేశపు మాటలన్నీ పోగుచేసిన పుస్తకం అది. అందులో కూడా ఆ చీజ్‌కు మూలం ఈ చీజే అయ్యుండాలని రాశారు.

తర్వాత కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1858 ప్రాంతంలో ఇంగ్లాండులో 'చీజీ' అంటే సొగసైనది, దర్జా అయినది. 1896 నాటికి అమెరికాలో అదే మాట తిరగబడి చవకబారుది అయిపోయింది. మెచ్చుకునే మాటనే వెటకారంగా అని అని చివరికి తిట్టు చేశారని కొందరి అభిప్రాయం. మన దగ్గర "ఆహా, ఏం తెలివి!" అన్నట్టే అన్నమాట. తిండి చీజ్, వస్తువు చీజ్ రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఈ రోజు మన పిల్లల నోట్లో పడ్డాయి.

అంటే ఏమైంది? ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడే ఈ గడ్డమీద నిత్యం వినబడే మాట ఒకటి ఓడెక్కి సీమకు పోయి, అక్కడ రంగు మార్చుకుని, వందేళ్లు దాటాక సెల్‌ఫోన్లో దూరి మొయినాబాద్ బస్టాపుకు తిరిగొచ్చింది. వచ్చి, మన పల్లెటూరి తల్లినే వెక్కిరించింది!

ఇక మన 'చీజ్' సంగతి చూడండి. హైదరాబాదులో, చుట్టుపక్కల ఊళ్లలో ఇవాళ్టికీ 'ఏం చీజ్ కావాలె?' అని దుకాణంలో అడుగుతారు. అదే మాటను రోడ్డుమీద పోయే ఆడపిల్లను చూసి కూడా అంటారు. 1994లో వచ్చిన 'మోహ్రా' హిందీ సినిమాలో నాయికను 'చీజ్' అని పొగిడే పాట దేశమంతా మోగిపోయింది. పెళ్లి ఊరేగింపుల్లో, వినాయక మంటపాల్లో మనమూ విన్నాం, మన పిల్లలచేత డాన్సులూ చేయించాం. చీజ్ అంటే వస్తువు అని ఎంతమందికి తట్టింది?

ఆడదాన్ని వస్తువు అంటే పాట. తల్లి బిడ్డను బంగారు తల్లీ అంటే ఎగతాళి. సిగ్గుపడాల్సింది దేనికి, మనం సిగ్గుపడుతున్నది దేనికి?

మాటలకు వంటింటి రుచులు అంటించడం మనకు కొత్తేమీ కాదు. అమాయకుడైన కుర్రాణ్ణి ముద్దపప్పు అంటాం. జాలిగుండెవాళ్లది వెన్నలాంటి మనసు. గయ్యాళి మాట మిరపకాయ. ఆకట్టుకోని సినిమా చప్పగా ఉందంటాం. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసి చివరికి ఏ లెక్కలోకీ రాని మనిషి కూరలో కరివేపాకు. ఈ ఆఖరి మాటను ఎక్కువగా ఎవరు తమ గురించి తాము చెప్పుకుంటారో నేను చెప్పనక్కర్లేదు.

ఇంగ్లీషులో ఇలాంటిదే ఇంకో మాట 'కార్నీ'. కార్న్ అంటే మక్కజొన్న. 1930లలో అమెరికాలో జాజ్ సంగీతం వాయించేవాళ్లు పాతకాలపు, పల్లెటూరి బాణీని కార్నీ అని వెక్కిరించారు. ఇప్పుడది చీజీకి తోబుట్టువు. మక్కలు పండించేవాళ్ల ఇష్టాలు మొరటువి, కంకులు కొనుక్కు తినేవాళ్ల ఇష్టాలు నాజూకైనవి అన్నమాట. చేవెళ్ల చుట్టూ ఉన్న చేలల్లో టమాటలు ఏరే ఆడవాళ్లు, తెల్లారకముందే పూలు కోసి పట్నం మార్కెట్టుకు పంపే ఆడవాళ్లు ఈ వరసలో ఎక్కడుంటారో ఊహించండి.

ఆ పిల్ల సిగ్గుపడింది నిజంగా జున్నుకా? బంగారు తల్లీ అన్నందుకా? నాకు అలా అనిపించలేదు. 'బర్రె ఈనింది' అనే మాట స్నేహితురాళ్ల చెవిన పడినందుకు. 'నోట్ల పెట్టబుద్ధి కాలే' అనే యాసకు. తను ఏ ఇంటినుంచి వచ్చిందో నలుగురికీ తెలిసిపోయినందుకు.

ఆ పిల్లను ఒక్కదాన్నే తప్పుపట్టలేం. ఈ సిగ్గును మనమే నేర్పాం. ఏళ్ల తరబడి మన సినిమాల్లో తెలంగాణ మాటను కమెడియన్లకూ రౌడీలకూ కట్టబెట్టి నవ్వుకున్నాం. ఇంట్లో పిల్లలు ఆ యాసలో మాట్లాడితే 'సరిగ్గా మాట్లాడు' అని గదమాయించాం. 2017లో 'ఫిదా' వచ్చాక, అందులో నాయిక అదే యాసలో గలగలా మాట్లాడితే అప్పుడు ముద్దొచ్చింది. మాట మారలేదు. పలికినవాళ్లమీద మన చూపు మారింది. మంచి చీజీ చెడ్డ చీజీ అయినట్టే, చెడ్డదనుకున్న యాస మంచిదైంది. మాటకు విలువ కట్టేది ఎప్పుడూ మనుషులే కదా!

అలాగని 'చీజీ' మాటను నిషేధించమని నేననడం లేదు. దానికీ ఒక ఉపయోగం ఉంది. మాతృదినోత్సవం వచ్చేసరికి అమ్మ త్యాగం గురించి కళ్లనీళ్లు తెప్పించి చివర్లో కుక్కర్ అమ్మే ప్రకటన చీజీ. ఆదివారం వేదికమీద స్త్రీమూర్తికి దండం పెట్టి సోమవారం ఆఫీసులో ఆడ ఉద్యోగిని పురుగులా చూసే పెద్దమనిషి ఉపన్యాసం చీజీ. పెళ్లిచూపుల్లో 'మీ అమ్మాయి మా కూతురులాంటిదే' అని, పెళ్లయ్యాక గిన్నెలు లెక్కపెట్టే అత్తగారి మాట అక్షరాలా చీజీ. నాలుక చివర తీపి, లోపల ఏమీ లేదు. అక్కడ మన పిల్లలు ఆ మాట వాడితే నేనే చప్పట్లు కొడతాను.

కాబట్టి మాట తియ్యగా ఉందా లేదా అన్నది పరీక్ష కాదు. దాని వెనక ఏముంది అన్నదే పరీక్ష.

చేవెళ్లవాళ్లకు ఒక పిలుపు గుర్తుండే ఉంటుంది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది చేవెళ్ల నుంచే. సబితా ఇంద్రారెడ్డిని ఆయన 'చేవెళ్ల చెల్లెమ్మ' అని పిలిచేవారు. రాజకీయాల్లో ఇలాంటి వరసలు కలపడం చూసి నవ్వేవాళ్లు నవ్వారు. 2009లో ఆమె ఉమ్మడి రాష్ట్రానికి హోంమంత్రి అయ్యారు. ఒక ఆడమనిషికి ఆ శాఖ ఇవ్వడం గురించి అప్పట్లో ఎంత చర్చ జరిగిందో చాలామందికి గుర్తే. ఏ పార్టీ అభిమానులైనా కానివ్వండి, పిలుపు వెనక పని ఉన్నప్పుడు ఆ పిలుపును చులకన చేయలేరు.

మరి మన బస్సులో తల్లి మాట వెనక ఏముంది? జున్ను ఉంది. జున్ను సంగతి తెలియని పట్నం పిల్లలకు చెప్పాలి. బర్రెగానీ ఆవుగానీ ఈనిన తర్వాత తొలి రెండు మూడు రోజుల పాలతోనే అది అవుతుంది. దుడ్డె కడుపు నిండాక మిగిలినవి తీసి, బెల్లం, యాలకులు, మిరియాల పొడి వేసి ఆవిరికి పెడితే ఆ పాలు వాటంతటవే గట్టిపడతాయి. విరవడానికి వేరే తోడు గానీ పులుపు గానీ అక్కర్లేదు. ఇంగ్లీషువాళ్ల చీజ్‌కు పాలు విరగ్గొట్టాలి, వడగట్టాలి, నెలల తరబడి మాగబెట్టాలి. మన జున్ను ఇవాళ వండితే రేపటికి ఉంచడం కష్టం. అందుకే ఇంట్లో ఒక్కరు దాచుకు తినేది కాదది. వాడకట్టంతా పంచాల్సిందే. ఊళ్లో ఎవరి బర్రె ఈనినా పక్కింటి పిల్లలకు గిన్నె రావాల్సిందే.

అలాంటి జున్నును ఆవిడ పొద్దున లేచి వండి, పాలుపోసే పని ముగించి, చేలో కూలికి పోకుండా ఒక పూట మానుకుని, బస్సెక్కి వచ్చింది. ఒక్కమాట కూడా మాట్లాడకుండా డబ్బా ఇచ్చి పోయినా ఆ ప్రేమ ప్రేమే. పైగా నోరు తెరిచి చెప్పింది. మన ఇళ్లల్లో అంత సులువుగా చెప్పే తల్లులు ఎంతమంది? చాలామందిమి 'తిన్నవా?' అన్న ఒక్క ముక్కలోనే అంతా దాచేస్తాం. చెప్పగలిగిన ఒక్క తల్లి నోరు కూడా 'చీజీ' అని మూయించేస్తే ఇక మిగిలేదేమిటి?

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. ఈ మాట తల్లులతో ఆగదు. ఇంట్లో భార్య 'నాకు మనసు బాగాలేదు' అంటే 'మొదలుపెట్టావా సీరియల్ డైలాగులు' అంటారు. కోడలు ఏడిస్తే డ్రామా. హాస్టల్లో ఒక పిల్ల రాత్రిపూట 'ఇంటికి పోవాలనుంది' అంటే గదిలో మిగతావాళ్లకు చీజీ. సీరియల్ డైలాగు, డ్రామా, చీజీ, పేర్లు వేరు. చేసే పని ఒక్కటే. నీకు నొప్పి పుడితే లోపలే ఉంచుకో, బయటికి చెప్పకు అని. ఆడవాళ్లు ఈ ఉపదేశం తాతల కాలంనుంచీ వింటూనే ఉన్నారు. ఇప్పుడది ఇంగ్లీషులో వస్తోంది, అంతే తేడా.

తల్లి ప్రేమను నలుగురిలో తోసేయడం అలవాటైన పిల్ల, రేపు కాలేజీలో ఎవరైనా వేధించినా, పరీక్ష తప్పినా, ఎవరినో నమ్మి మోసపోయినా ఆ తల్లికి ఫోన్ చేసి ఏడవగలదా? ఏడుపు చీజీ అని తనే కదా అంది! నోరు నొక్కుకునే పిల్లలు ఎంత దూరం పోతారో మనం వార్తల్లో చదువుతూనే ఉన్నాం.

ఆ రోడ్డుమీద ప్రయాణం చేసేవాళ్లెవరూ 2025 నవంబరు 3 ఉదయాన్ని మరిచిపోలేరు. తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు ఢీకొంది. చనిపోయినవాళ్లలో సెలవుకు ఇంటికి వచ్చి తిరిగి చదువులకు బయలుదేరిన ఆడపిల్లలు ఉన్నారు. ఆ పొద్దున ఎన్ని ఇళ్లల్లో 'పైలం బిడ్డా' అని ఉంటారు! ఎంతమంది పిల్లలు 'సరేలే అమ్మా' అని విసుక్కుని ఉంటారు! రోజూ చెప్పే మాట కనుక రోజూ అరిగిపోయినట్టే ఉంటుంది. అది ఆఖరిసారి అని ఏ తల్లికీ ముందు తెలియదు. భయపెట్టడానికి కాదు చెబుతున్నది. అరిగిపోయిన మాటలే అవసరానికి పనికొచ్చే మాటలని చెప్పడానికి.

తల్లులకు ఒక మాట. పిల్లలు చీజీ అన్నారని నొచ్చుకుని మానేయకండి. పద్దెనిమిదేళ్ల వయసులో స్నేహితుల ముందు గడ్డం పట్టుకుంటే సిగ్గేస్తుంది. ఆ సిగ్గు మనకూ ఒకప్పుడు ఉండేది. కాస్త పక్కకు పిలిచి చెప్పండి, ఫోన్లో చెప్పండి. చెప్పడం మాత్రం మానకండి. 'మా పిల్ల సదువుకున్నది, నాకేం తెల్వదు' అని వెనక్కి తగ్గకండి. మీ యాసను దాచుకోకండి. ఆ మాటకు అర్థమేంటని నిలదీసి అడగండి కూడా. అడిగితే ఆ పిల్లే చెప్పలేక తడుముకుంటుంది, చూడండి!

ఆడపిల్లలకు ఒక మాట. మీ నిఘంటువులోంచి చీజీని తీసేయమని అడగను. ఎక్కడ వాడాలో మాత్రం ఆలోచించండి. దొంగ తీపిని అనండి. మిమ్మల్ని 'చీజ్' అనేవాణ్ణి అనండి. మీకోసం ఒక పూట కూలి పోగొట్టుకున్న మనిషిని అనకండి. స్నేహితుల నవ్వులో కలిసి నవ్వడం తేలిక. 'మా అమ్మ జున్ను తెచ్చింది, రండే తిందాం' అనడానికి కొంచెం ధైర్యం కావాలి. ఒక్కసారి అని చూడండి. నవ్విన పిల్లలే ముందు చెంచా తీస్తారు. వాళ్లకూ ఎక్కడో ఒక అమ్మ ఉంది, ఆమె గుర్తొస్తూనే ఉంటుంది.

ఆ రోజు సంగతిలో ఒకటి చెప్పకుండా దాచాను. బస్సు కదులుతుంటే ఆ పిల్ల పరుగున కిటికీ దగ్గరికి వచ్చింది. స్నేహితురాళ్లు వెనక దూరంగా ఉన్నారు. డబ్బా గుండెలకు పెట్టుకుని, ఎవరికీ వినబడకుండా మెల్లగా, "దిగంగనే ఫోన్ చెయ్యమ్మా. మరువకు, పైలం" అంది.

తల్లి మాట తల్లికే తిరిగి ఇచ్చింది. అది చీజీ అని ఆ పిల్లకు తోచలేదు. ఈసారి అందరి ముందూ, గట్టిగా అంటుందని ఆశపడుతున్నాను.